గండిపేటకు ఎగువన మా ఇల్లు

హైదరాబాదులో ఫ్లాటు అమ్మేసి చెట్టూ చేమా ఉన్న చోట ఇల్లు కట్టుకుంటామనగానే తెలిసినవాళ్ళందరూ గండిపేట చుట్టుపక్కలే స్థలం చూసుకోమన్నారు. ఆ సలహా మాకు రుచించలేదు. 1908 నాటి మూసీ వరద తరువాత నగరాన్ని కాపాడటానికి, దాని దాహం తీర్చటానికి కట్టిన ఉస్మాన్‌సాగర్ (గండిపేట చెరువు), హిమాయత్‌సాగర్ చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో 111వ నంబరు జీవో వచ్చినా, పచ్చదనం కోసమని వెళ్ళినవాళ్ళే కొందరు వాగులకు అడ్డంగా ప్రహరీలు లేపారు. అందుకే ఇంకా ఎగువకు, మూసీ పుట్టే అనంతగిరి కొండల వైపు నడిచి, వికారాబాదుకు ఇవతల ఒక ఎర్రచెలక కొనుక్కున్నాము. ఇక్కడ మేము పారబోసిన సబ్బునీళ్ళు కూడా ఏదో ఒక వానకు గండిపేట చెరువు దారే పడతాయి కనుక, గదుల కొలతల కన్నా ముందు నీళ్ళ దారులనే నక్షాలో గీయించాము.

వంటింటి నీళ్ళు మొదట జిడ్డు తేరుకునే చిన్న తొట్టిలోకి, అక్కడి నుంచి కంకర నింపి మెట్టతామర నాటిన మడిలోకి, ఆ తరువాతే అరటి పాదులలోకి పోతాయి. కప్పు మీది వాన నీరు ముందుగా సంపులో చేరి, అది నిండితే బోరు పక్కనున్న ఇంకుడు గుంతలోకి మళ్ళుతుంది.

గోడలకు సిమెంటు కాక గానుగ సున్నమే కావాలని పట్టుబట్టాము. 1591లో కట్టిన చార్మినారులో రాయిని పట్టి ఉంచినది సున్నమేనని గంభీరంగా చెప్పుకున్నాము గానీ, ఆ పని తెలిసిన మేస్త్రీ దొరకటానికే ఒక ఎండాకాలం గడిచిపోయింది. దొరికిన పెద్దాయన సున్నపు రాళ్ళను గుంతలో నీళ్ళు పోసి కుతకుతమని ఉడికించి, రోజుల తరబడి మగ్గనిచ్చి, ఇసుకతో కలిపి గానుగ ఆడించి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చేరుస్తూ ప్రతి విడతనూ తాపీతో ఎత్తి చూసేవాడు. “వెన్న లెక్క అంటాలె సారూ, లేకుంటె మళ్ల తిప్పుడే” అని ఆయన అంటే ఎదురుచెప్పే ధైర్యం మాకు ఉండేది కాదు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా మళ్ళీ రాయిగా మారుతుంది కనుక ఆ గోడల ముందు తొందర చెల్లదు. ఖర్చు తగ్గిందా అంటే తగ్గలేదు. సామగ్రిలో మిగిలినది కూలీలో పోయింది. నేలకు మాత్రం తాండూరు బండలు దగ్గరలోనే చవకగా దొరికాయి.

పాముల సంగతేమిటని ఫోను చేసిన ప్రతివారూ అడుగుతారు. అరుగును నడుము ఎత్తుకు లేపి, తూములకు ఇనుప జాలీలు బిగించి, ఎలుకలు చేరకుండా కందులను మూత ఉన్న డబ్బాలలో పోసి ఉంచుతాము. అంతకు మించి చేయగలిగినది లేదు. పిల్లల బడి దూరమన్నది నిజమే. అత్తయ్యగారికి ఇరుగుపొరుగు లేరన్న బెంగ ఇంకా తీరలేదు కానీ, చాట పట్టుకుని అరుగు మీద కూర్చుంటే దారిన పోయే ఆడవాళ్ళు ఆగి పలకరించటం ఈ మధ్యనే మొదలైంది. పడమటి గదికి పూత మిగిలి ఉంది; వానలు వెనుకపట్టాక వస్తానని మేస్త్రీ మాట ఇచ్చాడు, సున్నం అప్పటికే మగ్గి ఉండాలని మరీ మరీ చెప్పి వెళ్ళాడు.