వీణ ముందు, బుర్రకథ చివర: నూటయాభై కుర్చీల హాల్లో కళా సాయంత్రం

విజయనగరంలో పాడేవాళ్ళకీ వాయించేవాళ్ళకీ కరువు లేదు. 1919 నుంచి సంగీత కళాశాల నడుస్తోంది. హరికథ అనగానే గుర్తొచ్చే ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామి నాయుడు ఫిడేలు నేర్పింది అక్కడే. వీణ కావాలంటే బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస దుంగ తొలిచి చేసేవాళ్ళున్నారు. ఇంత ఉండీ, ఓ చిన్న హాలు తీసుకుని వీణ, గాత్రం, హరికథ కలిపి ఒక సాయంత్రం పెడితే, జనం చెప్పులు వేసుకుంటూ అనే మాట మాత్రం "మైకు చంపేసిందండీ". పాపం, మైకుది అందులో తక్కువ పాలే. ఎవరి తర్వాత ఎవర్ని కూర్చోబెట్టాం, స్పీకరు ఎక్కడ నిలబెట్టాం, సాయంత్రం నాలుగింటికి హాల్లో ఎవరున్నారు అన్నవాటిదే పెద్ద పాలు.

ఇక్కడ రాసేది నూరు నుంచి నూటయాభై కుర్చీలు పట్టే హాలుకి, అంటే ఉజ్జాయింపున నలభై అడుగుల పొడవు, పాతికడుగుల వెడల్పున్న గదికి. పెద్ద ఆడిటోరియం లెక్కలు వేరు.

ముందు వరస. చెవి ఒకసారి పెద్ద చప్పుడుకి అలవాటుపడితే మళ్ళీ చిన్నదానికి దిగిరాదు. బుర్రకథ అయ్యాక వీణ పెడితే వీణ వినబడదు. వినబడటంలేదని వెనక వరసవాళ్ళు చేతులూపుతారు, మైకతను వాల్యూం పెంచుతాడు, మైకు కూత మొదలవుతుంది. అందుకే వీణ ముందు, తర్వాత గాత్రం, ఆ తర్వాత హరికథ, బుర్రకథ ఉంటే అన్నిటికన్నా చివర. నాలుగూ ఒకే రోజు పెట్టాలని ఆశపడొద్దు, మూడు చాలు. వీణకి 35 నిమిషాలు, గాత్రానికి గంట, హరికథకి 40 నిమిషాలు అనుకుంటే, మార్పులకి పదేసి నిమిషాలు వేసినా ఆరున్నరకి మొదలుపెట్టి తొమ్మిదింబావుకి ముగించొచ్చు.

ఈ లెక్కని తినేసేది సన్మానం. ముఖ్య అతిథి రాలేదని ఆగడం, జ్యోతి వెలిగించబోతే ఫ్యాను గాలికి ఆరిపోవడం, శాలువాలు, ఫొటోలు అన్నీ కలిసి ముప్పావుగంట మింగుతాయి. సన్మానం మానేయమంటే ఎవరూ వినరు కాబట్టి దాన్ని రెండు అంశాల మధ్యకి జరపండి. తెర వేసి, తెర ముందు ఒక చేతి మైకుతో సన్మానం కానివ్వండి. తెర వెనక ఈలోగా వీణ మైకులు తీసి గాత్రానికి సర్దుతారు. ఎలాగూ పోయే టైమే కదా, పనిలోనన్నా పోతుంది.

ఇక ఫోను. కళాకారులకి వారం ముందే ఫోను చేసి రెండు ప్రశ్నలు అడగాలి. శ్రుతి ఎంత? మృదంగం వాయించేవారు కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా?

శ్రుతి అంటే పాటకి ఆధారమైన స్వరం, హార్మోనియం మెట్ల లెక్కన ఒకటి, ఒకటిన్నర, రెండు అని చెబుతారు. మొదటిది ఎందుకంటే మృదంగాలన్నీ ఒకటి కావు. మగ గాత్రానికి ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో పనికొచ్చేది తగ్గు శ్రుతి మృదంగం, పొడవు సుమారు 24 అంగుళాలు. ఆడ గొంతుకి నాలుగున్నర, అయిదు, అయిదున్నర అంటే హెచ్చు శ్రుతిది, సుమారు 22 అంగుళాలు. ఒకదాన్ని రాయితో కొట్టికొట్టి రెండోదానిలా చేయడం కుదరదు. అర శ్రుతో, ఒక శ్రుతో జరపొచ్చు, అంతకు మించి లాగితే నాదం పోతుంది, ఇంకా లాగితే మూత చిరుగుతుంది. గాత్రానికీ హరికథకీ ఒకే విద్వాంసుణ్ణి కూర్చోబెడితే ఖర్చు కలిసొస్తుందనుకునే నిర్వాహకులు ఇక్కడే దొరికిపోతారు. గాయని అయిదు శ్రుతి, హరికథ చెప్పే భాగవతార్ ఒకటిన్నర అయితే మృదంగం ఆయన రెండు మృదంగాలు మోసుకురావాలి. ఆ ఆటో ఖర్చు మీది.

రెండోది కూర్చునే తీరు కోసం. గాయకుడికి కుడిపక్క మృదంగం, ఎడమపక్క ఫిడేలు మామూలు. అలా కూర్చుంటే మృదంగం కుడిమూత జనం వైపుంటుంది. ఎడమచేతి వాటం వాళ్ళయితే ఫిడేలూ మృదంగం చోట్లు మారాలి, లేకపోతే వలంతల, అంటే శ్రుతి పలికే ప్రధాన మూత, మోగేది గోడకి. ఈ సంగతి వేదిక మీద తెలిస్తే మైకులన్నీ మళ్ళీ పీకాలి.

హాల్లో ఏసీ ఉంటే కచేరీకి గంట ముందే వేయించండి, వాద్యాలు కూడా ఆ గదిలోనే పెట్టించండి. చర్మం తేమకి సడలుతుంది, పొడిగాలికి బిగుస్తుంది. బయట వానగాలిలో శ్రుతి చేసిన మృదంగాన్ని చల్లటి పొడిగాలి హాల్లోకి తెస్తే రెండో కీర్తనకే శ్రుతి ఎక్కుతుంది. ఎడమమూతకి పూసే రవ్వ ముద్దకి కాసిని నీళ్ళు, గిన్నె, చేతులు తుడుచుకోడానికి గుడ్డ వేదిక పక్కన పెట్టి ఉంచితే వాళ్ళు అడగక్కర్లేదు.

వీణ దగ్గర ఇంకో చిక్కు. దాని 24 మెట్లూ నిలబడేది మైనం మీద. పాత రకం హాలోజన్ లైట్లు మూడునాలుగు అడుగుల దూరంలో పెట్టి ముప్పావుగంట వెలిగిస్తే మైనం మెత్తబడి మెట్టు జరుగుతుంది. అప్పుడిక వేదిక మీద చేయగలిగిందేమీ లేదు. మేళం (మెట్ల అమరిక) మళ్ళీ కట్టడం అంటే చేయి తిరిగిన పనివాడికి రోజుల పని. ఎల్‌ఈడీ లైట్లు వాడండి, లేదా లైటుని పది అడుగుల అవతలికి జరపండి. వీడియో తీసేవాళ్ళు వెలుతురు చాలదని దగ్గరికి లాగుతూనే ఉంటారు, లాగనివ్వకండి.

ఇప్పుడు మైకు సెట్టు. ఊళ్ళో దొరికే సెట్లు పెళ్ళిళ్ళకీ ఊరేగింపులకీ చేసినవి. బేస్ బాక్సులు రెండు తెస్తామంటారు, వద్దనండి. నూటయాభై మందికి పన్నెండంగుళాల స్పీకర్లు రెండు, స్టాండు మీద, చాలు. అవి మైకులకన్నా ముందుండాలి, అంటే జనం వైపు. వేదిక మీద కళాకారుల వెనక స్పీకరు పెడితే ఏ ఇంజనీరూ కూతని ఆపలేడు. ఎత్తు ఆరేడు అడుగులు, మూతి కాస్త కిందికి వంచి, కూర్చున్నవాళ్ళ తలల మీదికి. తిన్నగా పెడితే శబ్దం వెనక గోడకి కొట్టుకుని తిరిగొస్తుంది. టైల్సు నేల, సున్నం గోడలు, ప్లాస్టిక్ కుర్చీలు ఉన్న కళ్యాణ మండపాల్లో సాహిత్యం అర్థం కాకపోవడానికి అసలు కారణం ఇదే. వాల్యూం పెంచితే ఆ మోత కూడా పెరుగుతుంది తప్ప మాట తేటపడదు. వెనక గోడకి నాలుగు తెరలో, దుప్పట్లో వేలాడదీయడం అంతకన్నా మేలు. వెనకవాళ్ళ కోసమని మధ్యలో గోడలకి ఇంకో జత స్పీకర్లు తగిలిస్తారు కొందరు. డిలే (ఆ జత శబ్దాన్ని కాస్త ఆలస్యం చేసే అమరిక) పెట్టకుండా అలా చేస్తే ఇరవై అడుగుల దూరానికి ముందు శబ్దం సుమారు 18 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది, మాట మీద మాట పడుతుంది. ఈ సైజు హాలుకి ఆ జత అవసరమే లేదు.

మైకుల్లో గాత్రానికి షూర్ ఎస్‌ఎం 58, వాద్యాలకి ఎస్‌ఎం 57 అయితే ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి, దెబ్బలకి ఓర్చుకుంటాయి. గాయకుడి నోటికి అయిదారు అంగుళాలు. ఫిడేలుకి పైనుంచి, గుర్రానికి (తీగలు ఆనే చెక్కకి) అడుగు ఎత్తున, కమాను తగలని కోణంలో. మృదంగం కుడిమూతకి ఏడెనిమిది అంగుళాలు. ఎడమమూతకి ఈ హాల్లో మైకు పెట్టకపోయినా నష్టం లేదు. పెడితే గుమ్కీలు, అంటే ఆ మూత బరువైన నాదాలు, మితిమీరి మోగుతాయి, సాహిత్యం వాటికింద నలిగిపోతుంది. పైగా తెరిచిన మైకులు రెండు నాలుగైన కొద్దీ కూత పెట్టకుండా పెంచగలిగే వాల్యూం 3 డెసిబెల్స్ తగ్గుతుంది. మైకులు తగ్గించడమే చవకైన మందు. గాత్రం చానల్‌కి 80, 100 హెర్ట్జ్ దగ్గర లో-కట్ (అడుగు మోతని కోసేసే మీట) నొక్కండి, మృదంగానికి నొక్కకండి.

వీణకి అతికించే పికప్ ఒక్కటే వాడితే తీగ శబ్దం ముక్కుతో పాడినట్టుంటుంది. అడుగు దూరంలో కుండకి ఎదురుగా ఒక మైకు పెట్టి, దాన్నే ఎక్కువ ఉంచి, పికప్‌ని కూతకి భయపడినంత మేరకే కలపండి. కండెన్సర్ మైకు అయితే మిక్సర్లో 48 వోల్టుల ఫాంటమ్ (మైకుకి వైరులోంచే కరెంటు పంపే మీట) నొక్కాలి. దాని మీదికి ఫ్యాను గాలి తగలకూడదు. వేదిక మీది సీలింగ్ ఫ్యాను ఆపేసి పక్కనుంచి టేబుల్ ఫ్యాను పెట్టడం అందుకే.

కళాకారులు తమని తాము వినడానికి పెట్టే మానిటర్ స్పీకరు కూర్చున్నవాళ్ళ ముందు నేలమీద ఉంటుంది కదా, ఎస్‌ఎం 58 లాంటి కార్డియాయిడ్ (ముందువైపే వినే) మైకుకి అది సరిగ్గా వీపు వెనక ఉండాలి, మైకు వినని దిక్కు అదే. అందులో గాయకుడికి తన గొంతు, శ్రుతి పెట్టె చాలు. శ్రుతి పెట్టెని హాలు స్పీకర్లలో కొద్దిగా, మానిటర్లో బాగా ఉంచండి. ఫోనులో యాప్ వాడేవారైతే ఫ్లైట్ మోడ్. పల్లవి మధ్యలో రింగు మోగిన కచేరీలు లెక్కలేనన్ని.

సౌండు సరిచూడటం ఖాళీ హాల్లో, కానీ వేదిక మీద అందరూ కూర్చున్నాక చేయాలి. "హలో, హలో, మైక్ టెస్టింగ్" వల్ల తేలేదేమీ లేదు. పైస్థాయిలో ఒక పల్లవి, మృదంగంతో సహా, పాడించండి. అన్ని మైకులూ తెరిచి మెల్లగా పెంచుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట మోగడం మొదలవుతుంది. "ఊఁ" అని మోగితే 250 నుంచి 500 హెర్ట్జ్ మధ్య, "కీఁ" అంటే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఎక్కడో ఉంది. ఈక్వలైజర్‌లో ఆ పుల్లని 3 నుంచి 6 డెసిబెల్స్ దించండి. మూడు నాలుగు పుల్లలు దాటితే ఆపేయండి, అప్పటికి తప్పు ఈక్వలైజర్‌ది కాదు, స్పీకరు చోటుది. చివరికి మాస్టర్ వాల్యూంని అక్కణ్ణుంచి ఒక 6 డెసిబెల్స్ తగ్గించి వదిలేయండి. జనం నిండాక శబ్దం కొంత ఇంకుతుంది, అప్పుడు కాస్త పెంచుకోవచ్చు. ఫోనులో మీటరు పెట్టి చూస్తే హాలు మధ్యలో 75, 80 డెసిబెల్స్ చుట్టూ ఉంటే కచేరీకి సుఖంగా ఉంటుంది.

కరెంటు దగ్గర ఒక్క మాట గట్టిగా చెప్పాలి. బుర్రుమని హమ్ వస్తోందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేసే అలవాటు చాలాచోట్ల ఉంది. తడిచేత్తో మైకు పట్టుకునే మనిషి ప్రాణంతో ఆట అది. లైట్లకి ఒక సర్క్యూట్, మిక్సరు, స్పీకర్లు, వాద్యాల ఎలక్ట్రానిక్స్ అన్నిటికీ కలిపి ఇంకో సర్క్యూట్ తీసుకుంటే హమ్ సగం పోతుంది, మిగతాది ఎక్స్‌ఎల్‌ఆర్ వైర్లతో (మూడు పిన్నుల మైకు వైర్లు), వాద్యాన్ని మిక్సరుకి కలిపే డీఐ బాక్సులో గ్రౌండ్ లిఫ్ట్ మీటతో పోతుంది. కరెంటు పోయే ఊరైతే మిక్సరుని చిన్న యూపీఎస్ మీద ఉంచండి. వేసేటప్పుడు మిక్సరు ముందు, స్పీకర్లు చివర. ఆపేటప్పుడు స్పీకర్లు ముందు.

హరికథకి ఈ అమరిక పనికిరాదు. భాగవతార్ నిలబడి తిరుగుతారు, కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిరతలు. చేతి మైకు అసాధ్యం. కాలర్ మైకు పెడితే మెడలోని పూలదండ దాన్ని రాసుకుంటూ కథంతా గరగరమంటుంది. చెంప దగ్గరికి వచ్చే హెడ్‌సెట్ మైకు ఒక్కటే దారి. ట్రాన్స్‌మిటర్ నడుముకి, బ్యాటరీలు ఆ సాయంత్రం కొన్నవే. హెడ్‌సెట్ దొరక్కపోతే మధ్యలో స్టాండు మైకు పెట్టి, దానికి రెండడుగుల లోపల నేలమీద టేపుతో గీత వేసి చూపించండి. అనుభవజ్ఞులు పాట గీత మీద, నడక బయట పెట్టుకుంటారు. గజ్జెలకి వేరే మైకు అక్కర్లేదు. బుర్రకథలో ముగ్గురి చేతులూ తంబురాతో, గుమ్మెటలతో నిండి ఉంటాయి. కథకుడికి ఒక స్టాండు మైకు, వంతలిద్దరికీ చెరొకటి, నోటి ఎత్తున. గుమ్మెట వైపు మైకు తిప్పకండి, అది దానంతటదే హాలంతా వినబడుతుంది.

అనుమతుల సంగతి పొట్టిగా. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకరుకి రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిషేధం. మూసిన ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు లాంటివాటికి లోపలివాళ్ళ వరకు రాత్రి మినహాయింపు ఉంది, కిటికీలు తెరిచి పెట్టుకుని అది మాకూ వర్తిస్తుందనుకోవద్దు. డాబా మీదో, ఆవరణలోనో పెడితే ఇళ్ళ ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లలో ఇంకా తక్కువ. త్యాగరాజ కీర్తనలకి ఎవరి లైసెన్సూ అక్కర్లేదు. సినిమా పాటల సాయంత్రానికి టిక్కెట్టు పెడితే మాత్రం ఐపీఆర్‌ఎస్ (పాటల రచయితల, స్వరకర్తల హక్కులు చూసే సంస్థ) లైసెన్సు చూసుకోవాలి. ఔత్సాహిక సంస్థ ఉచితంగా పెట్టే ప్రదర్శనకి కాపీరైటు చట్టంలోనే మినహాయింపు ఉంది.

పక్కవాద్యాలవారి కవర్లు విడివిడిగా, తాంబూలంతో, వాళ్ళు వాద్యం సంచిలో పెట్టేలోపే ఇవ్వండి. గాయకుడికి మొత్తం ఇచ్చి "మీరే చూసుకోండి" అనడం ఆయన్నీ ఇబ్బంది పెడుతుంది, వాళ్ళనీ పెడుతుంది. గొంతుకి వేన్నీళ్ళ ఫ్లాస్కు వేదిక మీద, ఐసు నీళ్ళ సీసాలు వద్దు.

అంతా అయ్యాక వైర్లు చుట్టే పని చిన్న కుర్రాళ్ళకి అప్పజెప్తారు, వాళ్ళు మోచేతికీ బొటనవేలికీ మధ్య తాడులా చుట్టేస్తారు. లోపలి రాగి పోగులు మెలిపడి, నాలుగు కార్యక్రమాలకే ప్లగ్గు దగ్గర తెగుతాయి. ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు కిందనుంచి వేస్తూ అడుగు వెడల్పు రింగులా చుట్టించండి. తెగిన వైరుకి అక్కడికక్కడే ఎర్ర టేపు చుట్టి వేరే సంచిలో వేయండి.