ఎత్తుకు వెళ్లినప్పుడు కిడ్నీలు చేసే పని

మూడున్నర వేల మీటర్ల ఎత్తున గుడారాలు వేసుకున్న మొదటి రాత్రి మా బృందంలో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. పడుకున్నా ఆయాసం తగ్గలేదు. పైగా అంత చలిలో మాటిమాటికీ మూత్రానికి లేవాల్సి వచ్చింది. తాగిన నీటికంటే పోయేదే ఎక్కువగా ఉందని నేను కంగారుపడితే, మా వెంట వచ్చిన డాక్టరు గారు "మంచిదేనండీ, మీ కిడ్నీలు కొండకు అలవాటు పడుతున్నాయి" అన్నారు.

కొండెక్కడమంటే గుండె, ఊపిరితిత్తుల వ్యవహారమనే అనుకుంటాం. కిడ్నీల ఊసే ఎత్తం. నాకది అన్యాయమనిపిస్తుంది. పైన ఆక్సిజన్ చాలక ఊపిరి వేగం పెరుగుతుంది. దాంతో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి, రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. అది గమనించిన మెదడు ఊపిరికి కళ్లెం వేస్తుంది. ఆక్సిజన్ కావలసిన సమయంలోనే ఈ అడ్డు! దాన్ని తొలగించడానికి కిడ్నీలు క్షారగుణమున్న బైకార్బనేట్‌ను మూత్రంలోకి వదిలేస్తాయి. దాని వెంట సోడియం, నీరు కూడా పోతాయి. ఎత్తులకు వెళ్లేవారికి ఇచ్చే అసిటజోలమైడ్ మాత్ర ఈ పనినే త్వరపెడుతుంది.

వదిలేయడమంటే ఇక్కడ తిరిగి తీసుకోకపోవడమే. ఒక్కో కిడ్నీలో నెఫ్రాన్లనే సన్నని వడపోత గొట్టాలు సుమారు 10 లక్షలుంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో సన్నని రక్తనాళాల చుట్ట ఒకటి రక్తాన్ని వడకడుతుంది. అలా రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవం గొట్టాల్లోకి దిగుతుంది. గదిలోని సామానంతా బయట పెట్టి, కావలసినవే లోపలికి తెచ్చుకున్నట్టు, ఆ గొట్టాలు గ్లూకోజు, లవణాలు, నీరు ఏరి రక్తంలోకి పంపేస్తాయి. చివరికి మూత్రంగా మిగిలేది ఒకటి రెండు లీటర్లే.

మర్నాడు కనుమ దాటేటప్పుడు సీసాల్లో నీళ్లు అడుగంటాయి. మధ్యాహ్నానికి మూత్రం ముదురు పసుపు రంగుకు తిరిగింది. మెదడు నుంచి వచ్చే ఏడీహెచ్ హార్మోను అందగానే కిడ్నీలు నీటిని గట్టిగా పట్టి ఉంచుతాయి. అవసరమైతే మూత్రాన్ని రక్తంకంటే నాలుగు రెట్లు చిక్కగా చేయగలవు. ఆక్సిజన్ తగ్గిందని తెలిసిన కొన్ని గంటల్లోనే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోనును విడుదల చేసి, ఎముక మజ్జ చేత ఎర్ర రక్తకణాలు ఎక్కువగా తయారు చేయించేదీ అవే. ఆ ఫలితం పూర్తిగా కనబడటానికి వారాలు పడుతుంది.

డాక్టరు గారు రోజూ పొద్దున్నే అందరినీ తలనొప్పి గురించి, మూత్రం గురించి అడిగేవారు. మాలో ఒకరికి తల పగిలిపోతోంది, ముఖం ఉబ్బింది, నీళ్లు తాగుతున్నా మూత్రం సరిగ్గా రావడం లేదు. ఒంట్లో నీరు నిలిచిపోవడం కొండజబ్బులో తరచూ కనిపించేదేనని చెప్పి, ఆయన్ను ఇక ఒక్క అడుగు కూడా పైకి వెయ్యనివ్వలేదు. తోడునిచ్చి ఆ పూటే కిందికి పంపించారు.