కో-మేసన్ల దీక్ష గురించి అడిగేవాళ్ళందరికీ

నేను మేసన్లలో, అంటే ఫ్రీమేసన్లనే పాతకాలపు రహస్య తంతుల సంఘంలో చేరానని తెలిసినప్పటి నుంచి కడపలో నన్ను పట్టుకుని అడిగేవాళ్ళు రెండు రకాలు. "అక్కా, అది ఇల్యూమినాటి అంట గదా, యూట్యూబ్‌లో చూసినాం" అని గొంతు తగ్గించి అడిగేవాళ్ళు కొందరు, "ఆడోళ్ళను చేర్చుకోరు గదా, నిన్నెట్లా చేర్చుకున్యారు" అని నలుగురిలో అడిగేవాళ్ళు ఇంకొందరు. మొదటిదానికి కాదు అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. రెండోది మాత్రం న్యాయమైన ప్రశ్న, ఎందుకంటే మామూలు మేసన్లు నిజంగానే చేర్చుకోరు. నేను చేరింది ఆడా మగా ఇద్దరూ ఉండే కో-మేసన్లలో.

లాడ్జి అంటే ఇక్కడ హోటల్ కాదు, మేసన్ల శాఖ, గ్రాండ్ లాడ్జి అంటే ఆ శాఖలకు పై సంస్థ. లండన్‌లో 1717లో మొదటి గ్రాండ్ లాడ్జి పెట్టుకున్నారు, 1723లో అచ్చువేసుకున్న నియమావళిలోనే బానిసలకు, స్త్రీలకు చోటు లేదని రాసుకున్నారు. మన దేశంలో 1961లో ఏర్పడిన గ్రాండ్ లాడ్జి ఆఫ్ ఇండియా కూడా మగవాళ్ళదే. మా మామ అందులో సభ్యుడు. మీటింగ్ ఉన్న రోజు నల్లకోటు వేసుకుని చేతిలో చిన్న పెట్టెతో బయల్దేరేవాడు, నేను ఇంటర్ చదివేటప్పుడు ఒకసారి నేనూ వస్తానంటే "ఆడోళ్ళకు లేదు పాపా" అన్నాడు. కోపంగా అనలేదు, ముద్దుగానే అన్నాడు, అయినా ఆ మాట నాలో చాలా ఏళ్ళు ఉండిపోయింది.

ఆయన నాకు చెప్పనిది ఏమిటంటే, అప్పటికి వందేళ్ళ ముందే ఆ తలుపు ఇంకోచోట తెరుచుకుంది. 1882 జనవరిలో పారిస్ దగ్గర లె పెక్ అనే ఊళ్ళో ఒక లాడ్జి, తన పై సంస్థ ఒప్పుకోదని తెలిసి దాన్నుంచి బయటికొచ్చి మరీ, మరియా దెరెమ్ అనే రచయిత్రికి దీక్ష ఇచ్చింది. 1893లో ఆమె, జార్జ్ మార్తాన్ అనే డాక్టరు కలిసి ఆడా మగా ఇద్దరూ సమానంగా కూర్చునే సంఘం పెట్టారు. దాన్నే ఇంగ్లీషు వాళ్ళు కో-మేసనరీ అన్నారు. 1902లో అనీబిసెంట్ పారిస్‌లో దీక్ష తీసుకుని, ఆ ఏడే లండన్‌లో లాడ్జి పెట్టి, తర్వాత మన దేశానికి తెచ్చారు. అవును, మదనపల్లెలో 1915లో కాలేజీ పెట్టిన అనీబిసెంటే. మన వైపు ఆమె పేరు చెబితే కాలేజీ, హోమ్‌రూల్ గుర్తొస్తాయి, ఆమె మెడలో మేసన్ల పతకం వేసుకుని గురుపీఠం మీద కూర్చునేదంటే మా స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ నమ్మలేదు.

అయితే నేను చేరింది చరిత్ర చదివి కాదు, నాటకం పిచ్చి వల్ల. మా నాన్నది చక్రాయపేట వైపు. 1885లో సురభి అనే ఊళ్ళో వనారస గోవిందరావు వాళ్ళు కీచకవధ ఆడారే, ఆ సురభి అక్కడే. ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టే రోజుల్లో ఆ కుటుంబాల ఆడవాళ్ళు స్టేజీ ఎక్కారు, అది తక్కువ సంగతి కాదు. నేను కాలేజీ రోజుల నుంచి నాటకాలు వేస్తున్నాను, ఇప్పుడు పిల్లలతో వేయిస్తున్నాను. అందుకే కో-మేసన్లలో ఒక సీనియర్ సభ్యురాలు "మాది పూజ కాదమ్మా, ఉపన్యాసం కూడా కాదు, మాది ఒక నాటకం, అందులో నువ్వే పాత్ర, కానీ నీకు స్క్రిప్టు ఇవ్వం" అని చెప్పినప్పుడు నాకు ఇంకేమీ వినబడలేదు.

ఇంట్లో కొంచెం గొడవే అయింది. "కండ్లకు గంతలేంది, మెడకు తాడేంది మే, మనకు అవసరమా" అని మా ఆయన. మా అత్తకు మాత్రం ఒకటే అనుమానం, మతం మార్చుకోవాల్నా అని. అక్కర్లేదు అత్తా, దేవుణ్ణో ఒక పరతత్వాన్నో నమ్మితే చాలు, ఏ దేవుడని అడగరు అంటే, "అట్లయితే పో" అంది. ఆమె పో అన్నాక ఆయన ఇంకేం అనలేదు, దీక్షకు పోవడానికి చెన్నై రైలుకు టికెట్టు కూడా ఆయనే బుక్ చేశాడు.

గుర్తులు, రహస్యపు మాటలు చెప్పను, ప్రమాణం చేశాను. మిగతా తంతు 1730లోనే లండన్‌లో ఒక మేసన్ పుస్తకంగా అచ్చేసి అమ్మాడు కాబట్టి దాని గురించి మాట్లాడితే తప్పులేదు.

ముందు ఒక చిన్న గదిలో ఒంటరిగా కూర్చోబెట్టారు. ఇది ఫ్రెంచి లాడ్జీల నుంచి వచ్చిన పద్ధతి. ఒక కొవ్వొత్తి, ఒక పుర్రె, గిన్నెలో ఉప్పు, ఒక కాగితం. నువ్వు చనిపోతే ఏం మిగిల్చి పోతావో రాయమన్నారు. నలభై దాటిన దాన్ని, ఇల్లు, లోను, పిల్లల ఫీజుల గురించి లెక్కలు రాసీ రాసీ ఉన్నదాన్ని, ఆ కాగితం మీద ఆ లెక్కల్లో ఒక్కటీ రాయలేకపోయాను. ఏం రాశానో ఇక్కడ చెప్పను గానీ, అది రాశాక బయటికి వచ్చింది వేరే మనిషి అనిపించింది నాకు.

తర్వాత కళ్లకు గంతలు. మెడలో తాడు. ఒక కాలికి చెప్పు, ఇంకో కాలు వట్టిది. చెప్పున్న కాలికి ఏమీ తెలియదు, వట్టి కాలికి మాత్రం చల్లటి గచ్చు, తర్వాత తివాచీ, మళ్ళీ గచ్చు, అన్నీ తెలుస్తుంటాయి, దాంతో నడక కుంటుతుంది, పక్కనున్న మనిషి చేతిని గట్టిగా పట్టుకోక తప్పదు. ఆ చేయి కూడా వణుకుతోంది! తన డైలాగు వచ్చే ముందు ఆమె ఊపిరి బిగబట్టడం నాకు తెలుస్తూనే ఉంది. అక్కడ ప్రాంప్టర్ చాటున నిలబడి అందించేది ఉండదు, అందరూ కంఠతా పట్టి చెబుతారు. ఆ వణుకు చూసి నాకు ధైర్యం వచ్చింది, ఎందుకంటే వీళ్ళు దీన్ని యాంత్రికంగా చేయట్లేదు అని అర్థమైంది.

తలుపు మీద మూడు దెబ్బలు. లోపల ప్రదక్షిణగా తిప్పుతారు, ఒక్కో దిక్కున ఆపి ఒక్కో గొంతు ప్రశ్నిస్తుంది. చివరికి తూర్పు నుంచి ఒక పెద్దావిడ గొంతు. లాడ్జికి గురుపీఠం తూర్పునే ఉంటుంది. నీకు అన్నిటికంటే ఏం కావాలి అని అడిగింది. వెలుగు అన్నాను. గంతలు తీసేసరికి ఎదురుగా నలుపు తెలుపు గళ్ళ నేల, పీఠం మీద గీత, ఖురాన్, బైబిల్ పక్కపక్కనే, వాటి వెనక గురుపీఠం మీద తెల్లచీరలో ఆ పెద్దావిడ. మామ చెప్పిన "లేదు" ఆ క్షణాన పోయింది. ఏడ్చేశాను, దాచుకోలేదు.

మూడో డిగ్రీ, అంటే దీక్షలో మూడో మెట్టు, చాలాకాలం తర్వాత తీసుకున్నాను, అసలు నాటకం అదే. సొలొమోను దేవాలయం కట్టిన మేస్త్రీ హీరాము కథ. ప్రమోషన్ కోసం ముగ్గురు పనివాళ్ళు రహస్యపు మాట చెప్పమని మూడు ద్వారాల దగ్గర అడ్డుపడతారు, చెప్పనంటాడు, చంపేస్తారు, మాట అతనితోనే పోతుంది. మా స్కూల్లో మేరీ టీచర్‌కు ఇది చెబితే వెంటనే మొదటి రాజులు ఏడో అధ్యాయం తీసి చూసింది. హీరాము ఉన్నాడు, ఇత్తడి పనివాడు, హత్య మాత్రం లేదు. ఆ భాగం మేసన్లు అల్లుకున్నదే, వాళ్ళ సొంత కథ.

చూసేవాళ్ళకూ చేసేవాళ్ళకూ తేడా నాకు అక్కడ తెలిసింది. కీచకుణ్ణి భీముడు చంపుతుంటే మనం కుర్చీలో కూర్చుని చప్పట్లు కొడతాం. ఇక్కడ ప్రేక్షకులే లేరు, పడిపోయేది నువ్వే, ఆ హీరాము నువ్వే, చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒకప్పుడు అక్కడే పడి లేచినవాళ్ళు. నెట్‌లో దొరికే పాఠం చదివితే చప్పగా ఉంటుంది, నిజం. నాటకం పుస్తకంగా చదివినా అంతే కదా.

లండన్‌లోని యునైటెడ్ గ్రాండ్ లాడ్జి ఆఫ్ ఇంగ్లండ్ గానీ, మామ వాళ్ళ గ్రాండ్ లాడ్జి గానీ మమ్మల్ని గుర్తించవు, కాబట్టి మామ మా లాడ్జిలో కూర్చోలేడు, నేను ఆయన లాడ్జిలో కూర్చోలేను. ఇద్దరం అదే ఏప్రన్ కట్టుకుని, ఇంచుమించు అవే మాటలు కంఠతా పట్టినవాళ్ళం. ఇది తప్పు అని నేను ఆయనకు ముఖం మీదే చెప్పాను.

చేరాలనుకునే అక్కచెల్లెళ్ళకు ఒక్క మాట. పలుకుబడి కోసం, పరిచయాల కోసం అయితే రావద్దు, ఇక్కడ అవి దొరకవు. ప్రయాణాలున్నాయి, చందా ఉంది, బట్టీ పట్టడం చాలా ఉంది. ఇవన్నీ ఓకే అనుకుంటే కామెంట్లో కాకుండా నాకు విడిగా రాయండి, మిమ్మల్ని ఎవరితో మాట్లాడించాలో చెబుతాను. రాబోయే మీటింగ్‌కి దీక్ష తీసుకునేవాళ్ళను చెయ్యిపట్టి నడిపించే పాత్ర నాకిచ్చారు, డైలాగులు సగం వచ్చాయి, మిగతా సగం ఆదివారం లోపల పట్టాలి.