రోళ్ళపాడులో పిల్లిగద్దల కోసం

జనవరిలో ఒక శనివారం తెల్లవారుజామున రెండింటికే హైదరాబాద్‌లో బయల్దేరాం, నేనూ మా బావమరిదీ. వాడికి పక్షులంటే ఏమీ పట్టదు, వచ్చేటప్పుడు కర్నూలులో ఆగి ఉగ్గాని బజ్జీ తిందామంటే కారు తీశాడు.

కర్నూలు దగ్గరి రోళ్ళపాడు అనగానే అందరూ బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) గురించే అడుగుతారు. ఆ పిట్ట కోసమే 1988లో దీన్ని అభయారణ్యం చేశారు, మొత్తం కలిపి 6 చదరపు కిలోమీటర్ల పైచిలుకు గడ్డినేల. చుట్టూ పొలాలు మారిపోయాయి, నీళ్లొచ్చాయి, బట్టమేక మాత్రం కనబడకుండా పోయింది. నేను వెళ్లింది పిల్లిగద్దల (ఇంగ్లీషులో హారియర్లు) కోసం. చలికాలంలో మధ్య ఆసియా గడ్డిమైదానాల నుంచి ఇంత దూరం వచ్చి, పగలంతా చుట్టుపక్కల చేల మీద తిరిగి, పొద్దుగూకే వేళకి ఇక్కడి గడ్డిలో దిగి పడుకుంటాయి. చెట్టెక్కవు, నేల మీదే పడక.

మామూలు గద్దలా పైన చక్కర్లు కొట్టే రకం కాదు ఇది. గడ్డికి మనిషెత్తులో, రెక్కలు కాస్త పైకెత్తి పట్టుకుని, అటొక ఊపు ఇటొక ఊపుతో చేనంతా గాలిస్తూ పోతుంది. చూడ్డానికి తీరిగ్గా ఉంటుంది కానీ ఫొటో తీయడం నరకం, ఎందుకంటే వెనకాలంతా గడ్డే, కెమెరా ఫోకస్ పిట్టని వదిలేసి గడ్డిని పట్టుకుంటుంది. పైగా మొదటి అరగంట నేనొక ఘనకార్యం చేశాను. ముందురోజు ఇంట్లో ఏదో తీస్తూ షట్టర్ వేగం సెకనులో 1/200 వంతు దగ్గర పెట్టి అలాగే మర్చిపోయాను. ఎగిరే పిట్ట చెదరకుండా పడాలంటే కనీసం 1/2000 ఉండాలి. మగపిట్ట ఒకటి, బూడిదరంగు ఒళ్లు, నల్లటి రెక్క కొసలు, నా ముందు నుంచే పోయింది. వచ్చినవన్నీ బూడిద చారలు!

అది సరిచేసుకున్నాక కూడా దక్కినవన్నీ వీపులే, లేదా ఎండకి ఎదురుగా నల్లటి నీడలు. పిట్ట ఎటు పోతే అటు గట్టు మీద పరుగెత్తుతుంటే అక్కడి వాచర్ పెద్దాయన కాసేపు చూసి, "యాల సార్ అట్ల ఉరుకుతావ్, గాలి యా పక్క నుంచి తోల్తాందో సూస్కో" అన్నాడు.

ఈ ఒక్క ముక్క ఏ వీడియోలోనూ నా బుర్రకెక్కలేదు. వేటాడేటప్పుడు పిల్లిగద్ద ఎక్కువగా గాలికి ఎదురు పోతుంది, అలా పోతేనే కింద ఏముందో చూసుకునేంత నిదానం దొరుకుతుంది. ఆ పొద్దున గాలి తూర్పు నుంచి, ఎండా తూర్పు నుంచే. అంటే నేను తూర్పు గట్టున గాలికీ ఎండకీ వీపు పెట్టి నిలబడితే పిట్ట తనంతట తానే నా వైపు వస్తుంది, మొహం మీద వెలుతురుతో. నేనేమో పడమటి గట్టున ఉన్నాను. అటు మారి కంది చేను పక్కన కూలబడ్డాను. దూరంగా ఉన్నప్పుడే ఫోకస్ వేసి, దాంతోపాటే లెన్స్ తిప్పుతూ, దగ్గరికొచ్చాక మాత్రమే నొక్కడం. మగవి ఎండకి ఫొటోలో మరీ తెల్లగా పడుతున్నాయని ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుతురు) కొంచెం తగ్గించాను. రెండు కిలోల లెన్స్ మోసి భుజం పోయింది కానీ గంటలో నాలుగు ఎదురొచ్చాయి.

సాయంత్రం పడక చోటికి దూరంగా కారులోనే కూర్చున్నాం. ఒకటి, మూడు, తర్వాత లెక్క తప్పింది. గడ్డి మీద తిరుగుతాయి, దిగుతాయి, ఏం నచ్చదో మళ్లీ లేస్తాయి. వెలుతురు తగ్గి ఐఎస్ఓ (మసకలో ఫొటోని వెలుతురుగా చేసే కెమెరా అంకె) 12800కి పోయింది, ఫొటోలన్నీ ఇసుక చల్లినట్టు వచ్చాయి, కెమెరా ఒళ్లో పెట్టేసుకున్నాను. బావమరిది మాత్రం ఫోన్ పక్కన పడేసి చూస్తున్నాడు, పొద్దుటి నుంచి అదే మొదటిసారి.

రాత్రి లాడ్జిలో 1400 ఫొటోలు తిరగేస్తే పనికొచ్చేవి పదకొండు. ఒకదాంట్లో మగపిట్ట సూటిగా నా వైపే చూస్తోంది, కాలి గోళ్లలో మిడత. వాడు తొంగి చూసి, "గద్దంటే కోడిపిల్లని ఎత్తుకుపోవాలి గదా బావా, అంత దూరం నుంచి వచ్చింది మిడతలకా?" అన్నాడు.

ఎడమ రెక్క కొస ఫ్రేములో తెగిపోయింది. అది వాడికి కనబడలేదు, నేనూ చెప్పలేదు.