డి-డైమర్ ఒక్కటే చూసి చెప్పేయకండి

అక్యూట్ ల్యుకేమియాలో (వేగంగా ముదిరే రక్త క్యాన్సర్) రక్తం ఒకచోట గడ్డకడుతుంది, ఇంకోచోట ఆగకుండా కారుతుంది. దీన్ని ముందే పసిగట్టాలంటే డి-డైమర్ (గడ్డ కరిగినప్పుడు వచ్చే ముక్క), ఫైబ్రినోజెన్ (రక్తం గడ్డకట్టడానికి వాడే ప్రొటీన్), పీటీ (గడ్డకట్టడానికి పట్టే సమయం), ప్లేట్‌లెట్లు నాలుగూ కలిపి చూడాలి. వీటితో లెక్కించే డీఐసీ (ఒళ్లంతా గడ్డకట్టే వ్యవస్థ అదుపు తప్పడం) స్కోరు 5 లేదా ఆపైన ఉంటే ప్రమాదమంటారు. కానీ ప్లేట్‌లెట్లు 50 వేల లోపుంటే చాలు, అందులో 2 పాయింట్లు పడతాయి. ఈ రోగుల్లో మూలుగ దెబ్బతినే అవి తగ్గుతాయి కదా! అందుకే ఫైబ్రినోజెన్ రోజురోజుకూ ఎటు పోతోందన్నదాని మీదే నాకు ఎక్కువ నమ్మకం.

ఏపీఎల్ (రక్తస్రావం ముప్పు ఎక్కువున్న ఒక రకం అక్యూట్ ల్యుకేమియా) అనుమానం వస్తే జన్యు పరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఏట్రా అనే మందు మొదలుపెడతారు. ఫైబ్రినోజెన్ డెసిలీటరుకు 100–150 మి.గ్రా. పైన, ప్లేట్‌లెట్లు 30–50 వేల పైన ఉండేలా చూస్తారు. ఏఎల్ఎల్‌లో (మరో రకం అక్యూట్ ల్యుకేమియా) ఆస్పరాజినేస్ మందు ఇస్తుంటే, గడ్డకట్టకుండా ఆపే యాంటీథ్రాంబిన్ అనే ప్రొటీన్ పడిపోతుంది. ఆ రోజుల్లో విడవని తలనొప్పి వస్తే మెదడు సిరలో గడ్డ ఉందేమో చూడాలి.

అసలు తప్పులు శాంపిల్ దగ్గరే. నీలం మూత ట్యూబులో 0.3 మి.లీ. సిట్రేట్‌కు (గడ్డకట్టకుండా ఆపే ద్రవం) సరిగ్గా 2.7 మి.లీ. రక్తం పట్టాలి. తక్కువ పడితే పీటీ లేనిపోనిది పెరిగినట్టు చూపిస్తుంది. హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) ఎక్కిస్తున్న లైన్ నుంచి తీయొద్దు. ములుగు, భూపాలపల్లి నుంచి హన్మకొండకు పంపేటప్పుడు ఎండాకాలమని ఐసులో పెట్టొద్దు; నీడపట్టున, 4 గంటల్లోపు చేర్చండి.

రిపోర్టులో యూనిట్ చూడండి. డి-డైమర్‌ను ఎఫ్‌ఈయూ, డీడీయూ అని రెండు యూనిట్లలో ఇస్తారు; ఎఫ్‌ఈయూలో వచ్చిన అంకె, డీడీయూలో వచ్చేదానికి దాదాపు రెట్టింపు. ల్యాబ్ మారితే పాత అంకెతో నేరుగా పోల్చకండి.