తుప్పు పట్టిన బీటిల్‌ని చూడ్డానికి వెళ్లాం

అమ్మేవాళ్లు పంపిన ఫొటోలన్నీ నిలబడి తీసినవే. గుండ్రటి బానెట్, వెలిసిన నీలం రంగు, మడ్‌గార్డ్ అంచుల్లో కాస్త తుప్పు, అంతే. 1965 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, 1200 ఇంజన్, ఏళ్ల తరబడి కదలని బండి. కింది భాగం ఫొటో ఒక్కటి పంపండి అని అడిగితే "మీరే వచ్చి చూసుకోండి బాబూ, నాకు వంగడం కుదరదు" అన్నారు ఫోన్లో పెద్దాయన. అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? అయినా వెళ్లాలనే అనిపించింది.

వెల్డింగ్ పని చేసే స్నేహితుణ్ణి వెంటబెట్టుకున్నాను. ఇలాంటి పనికి ఒక్కడే వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం. స్టీరింగ్ ముందు ఒకసారి కూర్చున్నామంటే ఆ తర్వాత కనబడే ప్రతి కంతకీ మనమే ఏదో ఒక సర్దుబాటు చెప్పుకుంటాం. వాడికి పాత కార్ల మీద మోజేమీ లేదు, రేకు గురించి మాత్రం బాగా తెలుసు. అలాంటివాడే కావాలి.

తెల్లవారకముందే బయల్దేరాం. సంచిలో టార్చి, గుడ్డలో చుట్టిన అయస్కాంతం, మొండి స్క్రూడ్రైవర్, ఇత్తడి బ్రష్, ఒక డబ్బా ఇంజన్ ఆయిల్, పుల్లీ నట్‌కి సరిపోయే పానా, కింద పడుకోడానికి రబ్బరు చాప. దారంతా ముసురు. పెద్ద రోడ్డు మీద ఉన్నంతసేపూ వాడు ఒకటే ప్రశ్న తిప్పి తిప్పి అడిగాడు, ఇంత పాత బండి కావాలంటే ఇంకేదీ దొరకలేదా అని.

దొరక్క కాదు. నాకు అరుదైన కారు అక్కర్లేదు, బాగుచేయగలిగిన కారు కావాలి. బీటిల్ 1938లో మొదలై 2003 జులై 30న మెక్సికోలోని ప్యూబ్లాలో ఆగే వరకు మొత్తం 2,15,29,464 కార్లు బయటికొచ్చాయి. 1972 ఫిబ్రవరిలోనే, అత్యధికంగా తయారైన కారుగా ఫోర్డ్ మోడల్ టి పేరు మీదున్న రికార్డు దాటేసింది. అన్ని బండ్లు తిరిగాయి కాబట్టే నేల రేకుల దగ్గర్నుంచి తలుపు రబ్బర్ల దాకా ఈరోజుకీ కొత్తవి తయారవుతున్నాయి. వాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు: "అన్ని కోట్లున్నాయంటే, నువ్వు ఎంత ఖర్చు పెట్టినా అమ్మేటప్పుడు అది వెనక్కి రాదన్నమాట." నిజమే. కాసేపు నేనేమీ మాట్లాడలేదు.

పెద్ద రోడ్డు దిగాక బురద. చివరి కాస్త దూరం బండి దిగి నడవాల్సి వచ్చింది, సంచీ వాడి భుజానే. వాన రోజున పాత కారు చూడ్డం మంచిదంటారు, ఎక్కడ కారుతుందో దాచలేరు కాబట్టి. ఇది షెడ్డులో ఉంది గనక ఆ లాభం దక్కలేదు. అయితే ఇంకోటి దక్కింది. షెడ్డుకి గచ్చు లేదు, మట్టి నేల, మా బూట్ల గుర్తులు పడేంత చెమ్మ. ఆ నేల మీద, నలువైపులా తాళ్లతో బిగించిన మందపాటి ప్లాస్టిక్ పట్టా కింద కారు.

"ఒక్క చుక్క వాన పడనివ్వలేదు దీని మీద" అన్నారు పెద్దాయన, తాళ్లు విప్పుతూ. చేతులు వణుకుతున్నా ముళ్లు మమ్మల్ని విప్పనివ్వలేదు. పట్టా తీయగానే పాతాళం నుంచి వచ్చినట్టు తడి వాసన. లోపలివైపు ప్లాస్టిక్ నిండా నీటి బొట్లు. మా వాడు నా మొహంలోకి చూశాడు, అప్పటికే వాడికి సగం సంగతి అర్థమైపోయింది.

పైన చూస్తే కారు ఫొటోల్లో ఉన్నట్టే ఉంది, ఇంకా బాగుంది కూడా. పైకప్పు మీదా తలుపుల మీదా అయస్కాంతం గట్టిగా అతుక్కుంది, అంటే పుట్టీ లేదు, ఎవరూ కెలకలేదు. తలుపు వేస్తే ఒక్కసారికే ఖణ్‌మని పడింది. నేను ఇంజన్ వైపు వెళ్లబోతుంటే మావాడు చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఇంజన్ ఎక్కడికీ పోదు. ముందు వెనక సీటు లేపు."

బీటిల్‌లో బ్యాటరీ ఉండేది వెనక సీటు కింద, కుడివైపున. దానిలోంచి ఒలికిన యాసిడ్ అక్కడి రేకుని తినేయడం మామూలే. సీటు లేపి టార్చి వేస్తే బ్యాటరీ ఉండాల్సిన చోట నేల రేకు లేదు, కింద మట్టి కనబడుతోంది. దీనికి నాకు ఆశ్చర్యం కలగలేదు, ఇది ఊహించిందే. అక్కడే, వెనక సీటు కింద మధ్యలో ఉండే గొట్టం లాంటి భాగం మీద చాసిస్ నంబరు కొట్టి ఉంటుంది. అంకెల మీద తుప్పు పొర. ఇత్తడి బ్రష్‌తో మెల్లగా రుద్దుతూ ఒక్కో అంకె కాగితాలతో పోల్చుకున్నాం. కలిసింది. కలవకపోయుంటే మిగతాది చూడకుండానే లేచి వచ్చేవాళ్లం. ఎంత మంచి బండైనా నంబరు కలవని బండి మీద డబ్బు పెట్టడమంటే కోరి తగాదా కొనుక్కోవడమే.

తర్వాత హీటర్ ఛానల్స్. కొనేవాళ్లలో చాలామందికి వీటి సంగతి పట్టదు, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాను. ఈ కారుకి రేడియేటర్ ఉండదు, వెనకున్న ఇంజన్ గాలితోనే చల్లబడుతుంది. చలికాలంలో లోపల వెచ్చగా ఉండడానికి, ఎగ్జాస్ట్ దగ్గర వేడెక్కిన గాలిని తలుపుల కింద పొడుగ్గా ఉండే రెండు డొల్ల రేకు పెట్టెల్లోంచి ముందుకి పంపుతారు. అవి ఉత్త గాలి గొట్టాలైతే గొడవే లేదు. బాడీని కింది నేల రేకుకి బిగించే బోల్టులు ఎక్కేది కూడా వాటిలోకే. అవి పుచ్చిపోతే బోల్టులు దేన్నీ పట్టుకోవు. బాడీ ఒకటి, నేల ఒకటి, మధ్యలో అలవాటు కొద్దీ కలిసి ఉంటాయంతే.

ఎడమవైపు ఛానల్ మీద స్క్రూడ్రైవర్ పిడితో కొడితే గట్టి చప్పుడొచ్చింది, వెనక చివర మాత్రం మెత్తగా ఉంది. కుడివైపు కొట్టాల్సిన అవసరమే రాలేదు. మావాడు చాప పరుచుకుని కిందికి దూరి స్క్రూడ్రైవర్ మొన ఆనించాడు, పెద్దగా నొక్కకుండానే లోపలికి దిగిపోయింది. పొరలు పొరలుగా రాలింది. తుప్పు తను తిన్న ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే రెండు రేకులు కలిసిన చోట పుట్టిందంటే వాటిని లోపల్నుంచి ఉబ్బించి విడదీస్తుంది. ఇక్కడ అదే జరిగింది. పైన రంగు చెక్కుచెదరలేదు.

నిజానికి వాన కంటే ఆ పట్టానే ఎక్కువ చెరుపు చేసింది. గాలిలో తేమ 60 శాతం దాటిందంటే ఇనుముకి తుప్పు జోరందుకుంటుంది. మట్టి నేల నుంచి లేచిన ఆవిరి పట్టా కింద బయటికి పోయే దారి లేక రాత్రి చల్లబడగానే నీరై రేకు మీద కూర్చునేది. వానలో తడిసిన బండి ఎండకి ఆరుతుంది, దీనికి ఆరే అవకాశమే లేదు. బోర్లా పెట్టిన గిన్నె కింద తడి ఎన్నాళ్లున్నా అలాగే ఉండిపోతుందే, అలా.

ఇంతవరకూ వచ్చాక నాకు ఆశ పోయింది. మావాడు మాత్రం ముందు చక్రాల మధ్యకి దూరి చాలాసేపు బయటికి రాలేదు. నేల రేకు ముందు చివర, ఫ్రంట్ యాక్సిల్ బోల్టులతో బిగిసే భాగాన్ని ఫ్రేమ్ హెడ్ అంటారు. అది పుచ్చిందంటే స్టీరింగూ సస్పెన్షనూ నమ్ముకోడానికి లేదు, బాగుచేయొచ్చు గానీ కొలతలు తప్పకుండా చేయగలవాళ్లు తక్కువ. సుత్తి చప్పుళ్లు వినిపించాయి, స్పష్టంగా, గట్టిగా. చివరికి బురద మొహంతో బయటికొచ్చి "ఇది ఉంది" అన్నాడు. వాడి నోటి నుంచి ఆ పూట వచ్చిన మొదటి మంచి మాట.

ఇంజన్ సంగతి తొందరగానే తేలింది. ఛానల్స్ చూసే ముందే ప్లగ్గులు విప్పి సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి వదిలేశాం. ఇప్పుడు జనరేటర్ పుల్లీ నట్‌కి పానా వేసి మెల్లగా తిప్పితే మొదట మొరాయించి తర్వాత తిరిగింది. కింది పుల్లీని రెండు చేతులా పట్టుకుని ముందుకీ వెనక్కీ గుంజితే టక్కుమనే ఆట లేదు, అంటే మెయిన్ బేరింగ్ దగ్గర అంతగా అరగలేదు. బ్రేకులు పట్టేశాయి, పెట్రోలు గొట్టాలు చేత్తో వంచితే చిట్లుతున్నాయి, వైరింగ్ ఆరు వోల్టులది, ఎలుకలు కొంత తిన్నాయి. ఇవన్నీ ఎలాగూ మార్చేవే కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు. ఈ కారులో ఇంజన్ నాలుగు బోల్టులు విప్పితే కిందికి దిగుతుంది, అందుకే ఇంజన్ చెడిందని ఎవరైనా భయపడితే నాకు నవ్వొస్తుంది, రేకు చెడితే మాత్రం రాదు.

పెద్దాయన అంతసేపూ గుమ్మం దగ్గర నిలబడే ఉన్నారు. ఎలా చెప్పాలా అని నేను నసుగుతుంటే మావాడే చెప్పేశాడు, పట్టా వల్లే పోయిందండీ అని. ఆయన కాసేపు పట్టా వైపు చూసి "అయితే బయట వదిలేసినా ఇంతకన్నా బాగుండేదంటావా?" అని అడిగారు. బహుశా ఉండేదేమో. నేను మాత్రం పైభాగం ఇంత బాగా మిగిలింది మీరు కప్పడం వల్లే అన్నాను. అది కూడా అబద్ధం కాదు.

తిరుగు ప్రయాణంలో వాన తగ్గింది, మా వాదన తగ్గలేదు. వాడి లెక్క ప్రకారం నేల రేకు రెండు సగాలూ మార్చాలి, కుడి ఛానల్ మొత్తం, ఎడమది వెనక ముక్క, స్టెప్నీ గుంత అడుగు. ముందుగా తలుపుల ఖాళీలకి అడ్డంగా ఇనుప గొట్టాలు బిగించకుండా ఛానల్ కోశామంటే బాడీ కుంగి ఇక తలుపు ఎన్నటికీ సరిగా పడదు. పల్చటి రేకు కాబట్టి వెల్డింగ్ చుక్కలు చుక్కలుగా, దూరం దూరంగా పెట్టుకుంటూ రావాలి, ఒకేచోట లాగితే వేడికి వంకర పోతుంది. పైగా కొత్త ఛానల్ పెట్టేటప్పుడు కొత్త నేల రేకు కింద బిగించి ఉండాలి, లేకపోతే బోల్టు రంధ్రాలు కలవవు. ఇదంతా చేతికొచ్చిన వాడికే చాలా నెలల పని. నాకైతే ఇంకా ఎక్కువ.

నా భయం వేరే. ఇలాంటి బండ్లు చాలా వరకు ఆగిపోయేది తుప్పు వల్ల కాదు. తెచ్చిన వారమే ఉత్సాహంగా మొత్తం విప్పేసి, ఏ డబ్బాలో ఏముందో మర్చిపోయి, డబ్బాలతో సహా ఇంకొకరికి అమ్మేస్తారు. అందుకని నేను మెరిసేలా చేయాలనే ఆలోచనే పక్కన పెట్టాను. ఆ వెలిసిన నీలం రంగు అలాగే ఉంటుంది. కింది రేకు, బ్రేకులు, పెట్రోలు గొట్టాలు, వైరింగ్, ఈ వరుసలోనే, ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి. ఇలా అనుకున్నాక మావాడికి కూడా కాస్త దారి కనబడింది. వాళ్ల షెడ్డులో ఒక మూల ఇస్తాడట, గచ్చు నేలే, కానీ వెల్డింగ్ నేర్చుకోవాల్సింది మాత్రం నేనే.

ఇల్లు చేరకముందే పెద్దాయనకి ఫోన్ చేసి తీసుకుంటానని చెప్పాను, ఆయన అడిగిన ధరకి కాదు, కుడి ఛానల్ ఖర్చు తగ్గించి. ఆయన బేరమాడలేదు. నేను పెట్టిన షరతులు రెండే. మొదట కాగితాలు నా పేరు మీదికి మారాలి, ఆ తర్వాతే బండి కదలాలి. రెండోది, ఎవరూ తాడు కట్టి లాగకూడదు, తలుపులకి అడ్డాలు బిగించాక ట్రక్కు మీదే తెస్తాం. "సరే బాబూ, ఈలోపు పట్టా మళ్లీ కప్పనా వద్దా?" అన్నారు. వద్దని చెప్పి, షెడ్డు తలుపు పగలంతా తీసి ఉంచమన్నాను.