గాజుపెట్టెలో ఏకముఖి

కార్తీక సోమవారం, రాత్రి.

పొద్దున అభిషేకాల వేళకే గుడి సందు తోపుడుబళ్లతో నిండిపోయింది. ఉసిరికొమ్మలు, 365 వత్తుల కట్టలు, అరటిదొప్పలు, వాటి పక్కన రుద్రాక్షలు. గోనెపట్టా మీద గుట్టగా పోసినవి పంచముఖి. గాజుమూత పెట్టెలో, ఎర్రగుడ్డ మీద ఒక్కటే కూర్చున్నది 'ఏకముఖి'. మధ్యాహ్నానికి ఫోన్‌లోనూ అదే సరుకు, ఈసారి ఒక స్వామివారి బొమ్మతో. 'ప్రాణప్రతిష్ఠ చేసినది', 'మీ జాతకానికి సరిపోయేది'. పూసలో తేడా లేదు, ధర వెనక సున్నాలు పెరిగాయి. శంఖంలో పోస్తేనే తీర్థమని ఊరికే అన్నారా.

రుద్రాక్ష అంటే ఒక చెట్టు పండులోని టెంక, అంతే. పండు నీలంగా మెరుస్తుంది. ఆ నీలం రంగుపదార్థం వల్ల వచ్చింది కాదు, తొక్కలోని సన్నని పొరల మీద వెలుగు పడి తిరిగొచ్చే తీరు వల్ల కనిపించేది. పళ్లను కొన్నాళ్లు నీళ్లలో నానబెట్టి, గుజ్జు వలిచి, గట్టి బ్రష్షుతో రుద్దితే పూస బయటికొస్తుంది. మన బజార్లకు ఎక్కువగా వచ్చేవి రెండు రకాలు: ఇండొనేషియా నుంచి వచ్చే చిన్నవి, నేపాల్ నుంచి వచ్చే పెద్దవి. తావళాలకు వాడేవి చాలామటుకు ఆ చిన్నవే. పైనుంచి కిందికి దిగే గీతలే ముఖాలు. ఒక్కో ముఖానికి లోపల ఒక్కో గది, గదిలో గింజ. చెట్టుకు కాసేవాటిలో అత్యధికం అయిదు గదులవే. అందుకే పంచముఖి చవక. మహిమ తక్కువై కాదు, కాపు ఎక్కువై.

అసలు గిరాకీ అరుదైనవాటికి, మోసమూ అక్కడే. గుండ్రని ఏకముఖి దొరకడం దాదాపు కల్ల. బళ్ల మీద ఉండేవి ఎక్కువగా పోకచెక్క చెక్కి, పైన త్రిశూలమో పామో తీర్చినవి. జీడిపప్పు ఆకారంలో ఉండేది వేరే చెట్టు గింజ అంటారు తెలిసినవాళ్లు. పద్నాలుగు, ఇరవై ఒకటి ముఖాలవి కావాలంటే తక్కువ ముఖాల పూసకు సన్నని ఆకురాయితో కొత్త గీతలు కోస్తారు. భూతద్దం పెడితే పట్టుబడుతుంది: సహజమైన గీత రెండు కొసల దాకా తెగకుండా పోతుంది, కోసిన గీత అంచు పదునుగా ఉండి, దారిలో ఎత్తుపల్లాల్ని అడ్డంగా నరికేస్తుంది. గౌరీశంకరమంటే పుట్టుకతోనే రెండు పూసలు అతుక్కుని ఉన్నది. అదేనని రెండు పూసలకు జిగురు పెట్టి అమ్మేదైతే మరిగే నీళ్లలో పావుగంట ఉంచితే చాలాసార్లు గౌరి ఒకవైపు, శంకరుడు ఒకవైపు. అచ్చుపోసిన ప్లాస్టిక్కుకు ఏ పరీక్షా అక్కర్లేదు. నాలుగు పూసలు పక్కపక్కన పెడితే నాలుగింటి మీదా ఒకే గాటు ఒకేచోట ఉంటుంది.

బండివాళ్లు చేసి చూపించే పరీక్షలు మాత్రం వినోదానికి పనికొస్తాయి. నీళ్లలో మునిగితే అసలుదట! పండిన పూస మునుగుతుంది, నిజమే. పోకచెక్కా మునుగుతుంది, లోపల సీసం దూర్చిన నకిలీ ఇంకా బాగా మునుగుతుంది. బాగా ఎండిన అసలు పూస తేలనూవచ్చు. రెండు రాగి నాణేల మధ్య తిరిగితే శక్తి ఉన్నట్టట. ఎగుడుదిగుడుగా ఉన్న ఏ గింజైనా వేళ్ల ఒత్తిడికి తిరుగుతుంది. రేగు టెంక పెట్టి చూడొచ్చు. కాస్త నమ్మదగ్గది ఎక్స్‌రే, లోపలి గదుల లెక్క పైగీతల లెక్కతో కలుస్తుందో లేదో తెలుస్తుంది. ల్యాబ్ సర్టిఫికెట్ చెప్పేదీ అంతవరకే, పూస సహజమైనదని, ముఖాలు ఇన్నని. పెట్టె మీద రాసిన మహిమకు దానిలో గడి ఉండదు.

ఉచితంగా ఇస్తే వ్యాపారం కాదనుకోవడమూ పొరపాటే. మధ్యప్రదేశ్‌లోని సీహోర్ దగ్గర కుబేరేశ్వర్ ధామ్‌లో కథావాచకుడు ప్రదీప్ మిశ్రా రుద్రాక్షలు పంచుతారంటే 2023 ఫిబ్రవరిలో లక్షల్లో జనం వచ్చిపడ్డారు. భోపాల్–ఇండోర్ రోడ్డు కిలోమీటర్ల పొడవున ఆగిపోయింది, ఒక మహిళ చనిపోయింది, పంపిణీ ఆపేయాల్సివచ్చింది. బజారులో పదో ఇరవయ్యో పెడితే వచ్చే గింజ. అంత జనం కదిలితే బస్సులు, లాడ్జీలు, టిఫిన్ బళ్లు, ఆ కథ చూపించే చానెళ్లు అన్నీ బతుకుతాయి. గురువుగారు పూస అమ్మనక్కర్లేదు, పేరు ఉంటే చాలు.

కొన్నవాళ్లకు ఎవరూ చెప్పనిది దాని పోషణ. రోజూ సబ్బునీళ్లు, వేడినీళ్ల స్నానం పడితే నూనె పోయి పూస ఎండి బీటలిస్తుంది. స్నానానికి ముందు తీసెయ్యడం మేలు. నూలుదారం చెమటకు కుళ్లిపోతుంది, ఆరునెలలకోసారి మార్చుకోవాలి, పూసకూ పూసకూ మధ్య ముడి వేస్తే తెగినా 108 పూసలూ, వాటి పైన వేరుగా ఉండే మేరుపూసా చెల్లాచెదురు కావు. ఎర్రగా నిగనిగలాడే కొత్త తావళం తెల్లచొక్కా మీద వేసేముందు తడిగుడ్డతో ఒకసారి తుడవాలి, రంగు వేసి ఉంటే గుడ్డకు అంటుకుంటుంది. మూడు నాలుగు నెలలకోసారి నువ్వులనూనె ఒక్క చుక్క, వేలితో అద్ది. ఎక్కువ పోస్తే గాట్లలో దుమ్ము పేరుకుంటుంది. అప్పుడు పాత టూత్‌బ్రష్షే గతి.